తీరపు పొలాల్లో అరుదైన తెల్లకొంగను గుర్తుపట్టడం ఎలా

సముద్రం దగ్గరి పొలాల్లో తెల్లకొంగల గుంపు దిగితే చాలామంది ఒక్క చూపు చూసి, కొంగలే కదా అనుకుని వెళ్లిపోతారు. 2001లో స్కాట్లండ్ పడమటి తీరంలో అలాంటి కొంగే ఒకటి కనిపించింది. పైపైన చూస్తే యూరప్‌లో ఉండే లిటిల్ ఈగ్రెట్ లాగే ఉంటుంది. నిజానికది అమెరికా ఖండాల్లో ఉండే స్నోయీ ఈగ్రెట్. బ్రిటన్‌లో ఆ జాతి కనబడటం అదే మొదటిసారి. రెంటికీ ఉన్న తేడా అంతా కంటికీ ముక్కుకీ మధ్య ఉన్న కాస్త చర్మం రంగులోనూ, కాళ్ల మీది పసుపులోనూ ఉంది.

ఇలాంటి అతిథిని మీరూ పసిగట్టొచ్చు. ఖరీదైన సామాను కన్నా దీనికి కావలసింది వేరు: మీ దగ్గర రోజూ కనిపించే కొంగ మీకు క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. అరుదైనదాన్ని వెతుకుతూ వెళ్లినవాళ్లకు ప్రతి కొంగా అరుదుగానే కనబడుతుంది. మామూలుదాన్ని ఎరిగినవాళ్లకు తేడా ఉన్నది దానంతట అదే కంట్లో పడుతుంది. ఇక రంగు సంగతా, ఈ జాతులన్నీ తెలుపే కాబట్టి తెలుపు వల్ల ఒరిగేదేమీ లేదు. ఒడ్డూపొడుగూ, ముక్కు, కాళ్లు, మేసే తీరు, వీటి మీదే దృష్టి పెట్టాలి.

1. మీ చోట ఏది మామూలో, ఏది అరుదో ముందే తేల్చుకోండి

ఒక తీరంలో ఎవరూ తలెత్తి చూడని పక్షి మరో తీరంలో పెద్ద వార్త అవుతుంది. కాటిల్ ఈగ్రెట్‌నే తీసుకోండి. ఆసియాలో, ఆఫ్రికాలో పశువుల వెంట నిత్యం తిరిగే కొంగ ఇది. 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా ఈశాన్య తీరానికి చేరింది. 1941లో ఫ్లోరిడాలో కనిపించింది. 1953కల్లా అక్కడ గూళ్లు కట్టుకుంది. బ్రిటన్‌లోనైతే 2007–08 చలికాలంలో అంతకుముందెన్నడూ లేనన్ని వచ్చి, 2008లో సోమర్‌సెట్ ప్రాంతంలో తొలిసారి పిల్లల్ని చేసింది.

లిటిల్ ఈగ్రెట్ కథ కూడా ఇలాంటిదే. 1954లో కరీబియన్ దీవి బార్బడోస్‌లో మొదటిసారి కనబడింది, 1994లో అక్కడే గూడు కట్టింది. రెంటికీ నడుమ నలభై ఏళ్లు! ఆ నలభై ఏళ్లలో దాన్ని చూసి తేదీతో సహా రాసిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ ప్రయాణం మనకు తెలిసింది.

అందుకే పాత పుస్తకంలోని మ్యాపు మీద పూర్తిగా ఆధారపడకండి. కొంగల సరిహద్దులు ఒక మనిషి జీవితకాలంలోనే మారిపోతున్నాయి. పక్షులను చూసినవాళ్లు తాము చూసినవి నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైటులో మీ ప్రాంతం పేరు కొడితే ఏ నెలలో ఏ జాతి ఎంత తరచుగా నమోదైందో పట్టీల రూపంలో చూపిస్తుంది. లావు పట్టీ ఉంటే ఆ జాతి మామూలు, సన్నటి గీత ఉంటే అరుదు, ఖాళీగా ఉంటే మీ చోట ఆ నెలలో దాన్ని ఎవరూ నమోదు చేయలేదని అర్థం. ఇది చూసి నోటు పుస్తకంలో రెండు జాబితాలు రాసుకోండి: తప్పక కనబడేవి, రాగలిగినవి. రెండో జాబితా పొట్టిగా ఉంచండి. మూడు నాలుగు జాతుల గుర్తులు గట్టిగా తెలిస్తే చాలు. పొలంలో నిలబడి పుస్తకం తిరగేసే సమయం ఉండదు.

2. మామూలు కొంగను కంఠతా పట్టండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. నన్నడిగితే మొత్తం పనిలో సగం ఇదే. ఒక ఉదయం మొత్తం ఒకే ఒక్క జాతికి కేటాయించండి. కొత్త పక్షి ఏది ఎగిరొచ్చినా ఆ రోజుకు పట్టించుకోకండి.

మీ దగ్గర మామూలు పక్షి లిటిల్ ఈగ్రెట్ అనుకుందాం. పొడవు 55–65 సెంటీమీటర్లు. సన్నటి నల్ల ముక్కు, నల్ల కాళ్లు, పాదాలు మాత్రం పసుపు. ఇంతవరకు ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఇక బోదె గట్టున కూర్చుని, అది మేసే తీరు చూడండి. మోకాలి లోతు లేని నీళ్లలో ఒక కాలు ముందుకు చాచి, పాదాన్ని బురదలో గబగబా వణికిస్తుంది. అడుగున దాక్కున్న చిన్న చేపో, రొయ్యపిల్లో బెదిరి కదులుతుంది. మెడ అప్పటికే వెనక్కి ముడుచుకుని ఉంటుంది. ఒక్క పోటు. తప్పితే రెండడుగులు పరుగెత్తి, రెక్కలు సగం విప్పి, మళ్లీ పొడుస్తుంది. దొరికినదాన్ని మింగేటప్పుడు గొంతులో చిన్న ఉబ్బు కిందికి జారడం కూడా కనబడుతుంది. ఇంత హడావుడిగా మేసే పక్షిని కాసేపు చూశాక, అదే మడిలో రాయిలా నిలబడ్డ మరో తెల్లకొంగ ఉంటే కన్ను దానంతట అదే అటు మళ్లుతుంది.

కాటిల్ ఈగ్రెట్‌ను కూడా ఇలాగే చదవండి. ఇది 46–56 సెంటీమీటర్ల పొట్టి పక్షి. మెడ పొట్టి, ముక్కు పొట్టి, పసుపు. ముక్కు కింద ఈకలు ముందుకు పొడుచుకొచ్చి, దవడ ఉబ్బినట్టు ఉంటుంది. దూరం నుంచి ముక్కు రంగు తెలియకపోయినా ఈ బరువైన దవడ తెలుస్తుంది. నడిచేటప్పుడు మెడ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నీళ్ల కన్నా పొడి పచ్చికనే ఇష్టపడుతుంది. గడ్డి మేస్తున్న పశువు అడుగు వేసినప్పుడల్లా లేచే మిడతలను, ఈగలను అందుకుంటుంది. ఒంటరిగా తిరిగేటప్పటి కన్నా పశువు పక్కన దానికి తక్కువ నడకతో ఎక్కువ మేత దొరుకుతుంది. పశువు లేని చోట ట్రాక్టర్ వెనకాల అదే పని చేస్తుంది.

3. పోటు వేళ చూసుకుని బయల్దేరండి

లోతట్టు పొలాలకీ తీరపు పొలాలకీ పెద్ద తేడా సముద్రపు ఆటుపోట్లు. ఆటు వేళ నీరు వెనక్కి తగ్గి బురదమేటలు బయటపడతాయి, కొంగలు అక్కడికి చెదిరిపోతాయి. పోటు వేళ ఆ మేటలు మునుగుతాయి. అప్పుడవి పక్కనున్న పొలాల్లోకి, పచ్చిక బయళ్లలోకి, కాలవ గట్ల మీదికి వచ్చి ఒక్కచోట చేరతాయి. కాబట్టి మీకు కావలసింది పోటు బాగా ఎక్కినప్పుడు, దానికి ముందూ వెనకా గంటా గంటన్నర. చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి, ప్రతి రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తాయి. పున్నమి, అమావాస్యల దగ్గర పోటు ఎక్కువ ఎత్తుకు ఎక్కుతుంది, బురద అంతా మునుగుతుంది. ఆ రోజుల్లో ఉదయం పూట పోటు పడితే అంతకన్నా మంచి అదను లేదు.

పొలంలో ఎక్కడ చూడాలి? దమ్ము చేస్తున్న మడి, అప్పుడే దున్నిన చేను, కోసిన గడ్డి నేల, నీళ్లు నిలిచిన పల్లపు బీడు, మురుగు కాలవ అంచులు, పశువులు మేస్తున్న చోటు. నాగలి పడిందంటే తరచుగా కొంగలు వచ్చేస్తాయి. ఇంజను చప్పుడు వినబడితే ముందు అటే నడవండి.

కాలం సంగతి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. దారితప్పే కొంగలు మూడు రకాల సందర్భాల్లో ఎక్కువ. పిల్లలు గూళ్లు విడిచిన తర్వాతి వారాల్లో, లేతపక్షులు పుట్టిన చోటు నుంచి అన్ని దిక్కులకూ చెదురుతాయి. కొన్ని తమ జాతికి అలవాటైన హద్దు దాటి చాలా దూరం పోతాయి. రెండోది, గూడు కట్టే కాలానికి ముందు వెనక్కి వచ్చే ప్రయాణంలో, వెనకగాలి బలంగా ఉంటే ఆగవలసిన చోట ఆగకుండా ముందుకు వచ్చేస్తాయి. మూడోది చలి. చల్లటి దేశాల్లో లోతట్టు చెరువులు గడ్డకట్టినప్పుడు, గడ్డకట్టని తీరానికి కొంగలు దిగివస్తాయి. వీటికి తోడు తుపానులు. పెద్ద తుపాను తీరం దాటిన మరుసటి రెండు మూడు రోజులు పొలాల మీద ఓ కన్నేసి ఉంచండి. అయితే గాలి, వరద తగ్గి, దారులు క్షేమంగా ఉన్నాకే.

4. గుంపును ఎలా చూడాలి

ఎండ మీ వెనక ఉండాలి. ఎండకు ఎదురుగా చూస్తే తెల్లకొంగ కూడా నల్లటి నీడలా కనబడుతుంది, కాళ్ల రంగు అసలు తెలియదు. మధ్యాహ్నం వేడికి నేల మీద గాలి మిలమిలలాడి గీతలన్నీ చెదిరిపోతాయి. కాబట్టి పొద్దునో, సాయంత్రమో వెళ్లండి.

8×42 బైనాక్యులర్స్ (8 రెట్లు పెద్దది చేసే, ముందు కటకం 42 మిల్లీమీటర్లున్నది) ఒక్కటి చాలు మొదలుపెట్టడానికి. 20–60 రెట్లు పెద్దది చేసే స్పాటింగ్ స్కోప్ ఉంటే దూరపు మడులు కూడా అందుతాయి. మబ్బు పట్టిన రోజును వృథా అనుకోకండి. పలచటి మబ్బు వెలుగులో తెలుపు మెరవదు, ముక్కు రంగు, ముఖం మీది చర్మం రంగు ఎండలో కన్నా స్పష్టంగా తెలుస్తాయి.

గుంపును ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క పక్షినీ చూస్తూ లెక్కపెట్టండి. లెక్కపెట్టడం అన్నది ఊరికే చెప్పడం లేదు. సంఖ్య కోసం ప్రతి పక్షి దగ్గరా కన్ను ఆగాలి, ఆగినప్పుడే తేడా కనబడుతుంది. ఒకసారి పూర్తయ్యాక కుడి నుంచి ఎడమకు మళ్లీ. గట్టు వెనక, గడ్డి మాటున ఉన్నవి ఈలోగా బయటికొస్తాయి. గుంపులోంచి కాస్త ఎడంగా మేస్తున్నదాన్ని, మిగతావి తరుముతున్నదాన్ని ప్రత్యేకంగా చూడండి. వేరే జాతి పక్షి తరచుగా అంచున ఉంటుంది.

సాయంత్రం ఇంకో అవకాశం. కొంగలు రాత్రికి చెట్ల మీదో, మడ అడవుల్లోనో, రెల్లు పొదల్లోనో ఒకేచోట చేరతాయి. పొద్దు గుంకడానికి గంట ముందు, ఆ చోటికి బాగా దూరంగా, అవి వచ్చే దారికి పక్కగా నిలబడండి. వరుసలు వరుసలుగా పొలాల మీదుగా వస్తుంటే ఎగిరే తీరులో తేడాలు పోల్చుకోవచ్చు. పగలు చెదిరి తిరిగిన పక్షులన్నీ మీ కళ్ల ముందు నుంచే వెళతాయి.

5. ఈ వరుసలోనే చూడండి

తేడా ఉన్న పక్షి కనబడగానే మనసు పేరు వైపు పరుగెడుతుంది. ఆపండి. పేరు చివరికి. ముందు కింది వరుసలో చూసి నోటితో పైకి చెప్పుకోండి, లేదా ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మాట పైకి అంటే చూడనిదాన్ని చూశాననుకునే ప్రమాదం తగ్గుతుంది.

మొదట ఒడ్డూపొడుగూ. ఒంటరి పక్షి ఎత్తును ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పక్కనున్న తెలిసిన పక్షితో పోల్చాలి. గ్రేట్ ఈగ్రెట్ 80–104 సెంటీమీటర్లు ఉంటుంది, రెక్కలు చాపితే 131–170. బూడిదరంగు గ్రే హెరాన్ పక్కన నిలబడితే దానికి సాటిగా ఉంటుంది. లిటిల్ ఈగ్రెట్ పక్కనైతే ఎత్తులో పోలికే ఉండదు. పొడవాటి మెడ మధ్యలో విరిగినట్టు కోణంగా వంగి ఉంటుంది. కొంగజపం అనే మాట సరిగ్గా సరిపోయేది దీనికే. నీళ్లలో కదలకుండా చాలాసేపు నిలబడి, ఒక్కసారిగా పొడుస్తుంది.

తర్వాత ముక్కు. రంగు కన్నా ముందు ఆకారం చూడండి: పొట్టిదా, బాకులా పొడవైనదా, లావా, సన్నమా, కొన కిందికి వంగినట్టుందా. ఆ తర్వాత రంగు, అదీ మొదట్లో ఒకటి, కొనలో ఒకటి ఉందేమో చూస్తూ.

ముక్కుతోపాటు నోటి గీత. గ్రేట్ ఈగ్రెట్‌కీ, ఇంటర్మీడియట్ ఈగ్రెట్‌కీ తేడా చెప్పడంలో దీన్ని మించిన గుర్తు లేదు. రెండు దవడలు కలిసే గీత ముక్కు మొదట్లోంచి వెనక్కి సన్నగా సాగుతుంది. ఇంటర్మీడియట్‌లో అది కంటి కిందికి వచ్చి ఆగిపోతుంది. గ్రేట్ ఈగ్రెట్‌లో కంటిని దాటి వెనక్కి పోతుంది. స్కోప్‌లోంచి చూస్తే కంటి వెనక పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి కొన ఒకటి కనబడుతుంది. ఇంటర్మీడియట్ పొడవు 56–72 సెంటీమీటర్లు, తల గుండ్రం, పసుపు ముక్కుకు కొనలో తరచుగా నలుపు. ఇవి అనుమానం కలిగించడానికి పనికొస్తాయి. తేల్చేది మాత్రం ఆ గీతే.

కంటికీ ముక్కుకీ మధ్య ఈకల్లేని చర్మం ఉంటుంది. లిటిల్ ఈగ్రెట్‌లో ఇది మామూలుగా బూడిద, నీలిబూడిద ఛాయల్లో ఉంటుంది. స్నోయీ ఈగ్రెట్‌లో మెరిసే పసుపు. మొదట్లో చెప్పిన స్కాట్లండ్ పక్షి లాంటివాటిని తేల్చడానికి పొడవు, బరువు అక్కరకు రావు, ఈ చర్మమే కావాలి.

ఆపైన కాళ్లు. మోకీలు పైన ఏ రంగు, కింద ఏ రంగు, ముందు ఏ రంగు, వెనక ఏ రంగు, పాదం ఏ రంగు. అన్నీ విడివిడిగా రాసుకోండి. స్నోయీ ఈగ్రెట్ లేతపక్షికి కాలు ముందువైపు నల్లగా, వెనకవైపు పసుపు చార పైదాకా ఉంటుంది. పక్క నుంచి చూస్తే ఒకటి, వెనక నుంచి చూస్తే మరొకటి! పక్షి తిరిగేదాకా ఆగాల్సిందే.

చివరగా ఎగిరే తీరు. అది తనంతట తాను ఎగిరినప్పుడే చూడండి, చూడటం కోసం లేపకండి. గ్రేట్ ఈగ్రెట్ రెక్కలు నిదానంగా, బరువుగా కొడుతుంది. కాళ్లు తోక దాటి చాలా బయటికి ఉంటాయి. కాటిల్ ఈగ్రెట్ రెక్కలు గబగబా కొడుతుంది, కాళ్లు కొద్దిగానే బయటికొస్తాయి.

ఇప్పుడు రాగలిగిన అతిథుల్లో రెండింటి గురించి. వెస్టర్న్ రీఫ్ హెరాన్ ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి అరేబియా మీదుగా భారత తీరం దాకా ఉండే పక్షి. నల్లబూడిద రంగులో ఒక రూపం, తెల్లగా మరో రూపం. తెల్లరూపం లిటిల్ ఈగ్రెట్‌కు అచ్చమైన కవల. ముక్కు కాస్త లావుగా, పొడవుగా, కిందికి స్వల్పంగా వంగినట్టు, రంగు నలుపు కాక గోధుమరంగుకో పసుపుకో దిగినట్టు ఉంటే నిదానంగా చూడండి. ఈ పక్షి 1983లో అమెరికాలోని నాంటకెట్ దీవి దాకా వెళ్లింది.

రెండోది చైనీస్ ఈగ్రెట్. కొరియా పడమటి తీరం, చైనా, రష్యా తూర్పు తీరాల దగ్గరి దీవుల్లో గూడు కడుతుంది, చలికాలానికి ఫిలిప్పీన్స్, బోర్నియో తీరాలకు దిగుతుంది. ప్రపంచంలోనే తక్కువ సంఖ్యలో మిగిలిన జాతి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో (వల్నరబుల్) చేర్చింది. గూడు కట్టే కాలంలో పసుపు ముక్కు, నీలి ముఖచర్మం, తల వెనక గుబురు తురాయితో చూడగానే తెలుస్తుంది. మిగతా కాలంలో ముక్కు నల్లబడి, కింది దవడ మొదట్లో మాత్రం పసుపు మిగులుతుంది, కాళ్లు ఆకుపచ్చ కలిసిన పసుపు. ఇది మడుల కన్నా బురదమేటలనే ఎక్కువ నమ్ముకుంటుంది, కాబట్టి పొలం అంచున ఉప్పునీటి పాయ ఉంటే దాన్ని వదలకండి. అలాంటి పక్షి ఒక్కటి కనబడినా దాని సమాచారం ఎంతో విలువైనది.

6. మోసపోయే చోట్లు

బురద. కొంగల గుర్తింపులో ఇంతకన్నా పెద్ద చిక్కు లేదు. మడిలో తిరిగిన లిటిల్ ఈగ్రెట్ పసుపు పాదాలు నల్లటి బురద కప్పుకుని కనబడవు. ఎర్రమట్టి పూస్తే నల్ల కాళ్లు గోధుమరంగులో ఉంటాయి. పక్షి శుభ్రమైన నీటిలో నాలుగు అడుగులు వేసేదాకా, లేదా ఎగిరి కాళ్లు చాచేదాకా, కాళ్ల రంగు రాసుకోకండి.

వయసు. గూడు విడిచిన కొత్తలో కాటిల్ ఈగ్రెట్ పిల్లకు ముక్కు నల్లగా ఉంటుంది. ముక్కు మాత్రమే చూసేవాళ్లకు అది మరో జాతి. లిటిల్ ఈగ్రెట్ లేతపక్షి కాళ్లు ఆకుపచ్చ కలిసిన మాసిన రంగులో ఉంటాయి. అమెరికా ఖండాల్లోని లిటిల్ బ్లూ హెరాన్ పేరుకే నీలం, మొదటి ఏడాది మొత్తం తెల్లగానే ఉంటుంది. నీలిబూడిద ముక్కుకు నల్లటి కొన, ఆకుపచ్చ కాళ్లు, రెక్క కొసల్లో కొద్దిపాటి మసక దాన్ని పట్టిస్తాయి.

కాలం. గూడు కట్టే రోజుల్లో ఇవన్నీ రంగులు మారుస్తాయి. ఆసియా, యూరప్‌లలో గ్రేట్ ఈగ్రెట్ పసుపు ముక్కు నల్లబడుతుంది. కాటిల్ ఈగ్రెట్ ముక్కు, కాళ్లు కొద్దిరోజులు ఎర్రబారతాయి, తల, రొమ్ము, వీపు మీద నారింజ ఛాయ వస్తుంది. దక్షిణ, తూర్పు ఆసియా రకంలో ఆ నారింజ తలంతా, మెడంతా పరుచుకుంటుంది. ఆఫ్రికా, యూరప్, అమెరికా రకంలో నడినెత్తి, రొమ్ము, వీపు దగ్గరే ఆగుతుంది. మీ చోట ఒక రకమే మామూలైతే రెండోది అతిథి, కానీ ఈ తేడా గూడు కాలంలోనే తెలుస్తుంది. లిటిల్ ఈగ్రెట్ ముఖచర్మం కూడా ఆ రోజుల్లో పసుపుకో ఎరుపుకో మారుతుంది. కాబట్టి ముఖచర్మం పసుపుగా ఉంది, స్నోయీ ఈగ్రెట్ అయిపోయింది అని ఒక్క గుర్తుతో తీర్పు చెప్పొద్దు. కనీసం మూడు గుర్తులు ఒకే పేరు వైపు చూపాలి.

అదే కాలంలో వీపు మీద సన్నటి దారాల్లాంటి ఈకలు వస్తాయి. 19వ శతాబ్దంలో టోపీల అలంకారానికి ఈ ఈకల కోసమే కొంగల్ని గూళ్ల దగ్గరే చంపేవారు. ఆ దారుణాన్ని ఆపాలనే 1889లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఎమిలీ విలియమ్సన్ పక్షి రక్షణ సంఘం పెట్టారు. బ్రిటన్‌లో నేడు పక్షుల రక్షణకు పనిచేసే ఆర్‌ఎస్‌పీబీ సంస్థ అదే. ఇవాళ మనం గుంపులు గుంపులుగా కొంగల్ని చూడగలగడం వెనక అలాంటివాళ్ల పట్టుదల ఉంది.

కొంగే కానివి కూడా ఉంటాయి. మెడ ముందుకు చాచి ఎగిరితే అది కొంగ కాదు, కొంగలు మెడ ముడుచుకుని ఎగురుతాయి. తెడ్డుమూతి కొంగ పేరులోనే కొంగ, ఎగిరేటప్పుడు మెడ చాచుతుంది, మేసేటప్పుడు ముక్కును నీటిలో పక్కలకు ఊపుతుంది. ముక్కు కొడవలిలా వంగి ఉంటే కంకణం (ఐబిస్) జాతి.

7. చూసినదానికి రుజువు

ఫొటో తీసేముందు కెమెరాలో ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు వరకు తగ్గించండి. నల్లటి పొలం మీద తెల్లపక్షిని కెమెరా తనంతట తాను తీస్తే ఈకలన్నీ సున్నపు ముద్దలా వస్తాయి, ముఖం మీది చర్మం రంగు కూడా వెలిసిపోతుంది. ఫోన్‌తోనైతే పక్షి మీద వేలు నొక్కి పట్టి వెలుగు తగ్గించండి.

ఒక్క గొప్ప ఫొటో కన్నా నాలుగు మామూలు ఫొటోలు మేలు: ముఖం పక్క నుంచి, కాళ్లు నీటి బయట, మరో జాతి పక్కన నిలబడినప్పుడు, ఎగురుతున్నప్పుడు. మేస్తున్న తీరు అర నిమిషం వీడియో తీస్తే ఇంకా మంచిది. ఫొటో అందనంత దూరమైతే అక్కడికక్కడే బొమ్మ గీయండి. ముక్కు, కాళ్ల రంగులు బాణం గుర్తులతో రాయండి. ఇంటికొచ్చి పుస్తకం చూశాక రాస్తే జ్ఞాపకంలో పుస్తకం కలిసిపోతుంది. తేదీ, సమయం, వెలుగు ఎటునుంచి ఉంది, ఎంత దూరం, పోటా ఆటా, పక్కన ఏ పక్షులు, ఇవి కూడా రాయండి.

కాలికి పరిశోధకులు తొడిగిన రంగు ఉంగరం ఉంటే రంగు, అక్షరాలు, అంకెలు, కుడికాలా ఎడమకాలా, మోకీలు పైనా కిందా అన్నీ నోట్ చేయండి. ఆ పక్షికి ఉంగరం ఎక్కడ తొడిగారో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

8. పొలం ఇంకొకరిది, మేత పక్షిది

గట్టు దిగేముందు రైతును అడగండి. చాలామంది కాదనరు. పైగా ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెడతారో, కొంగలు ఎక్కడ ఎక్కువ వాలుతాయో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మొలక మీద కాలు పెట్టకండి, తీసిన గేటు మూయండి, మేస్తున్న పశువుల మధ్య నుంచి నడవకండి.

కొంగ మేయడం మాని మెడ నిటారుగా ఎత్తి మీవైపు చూసిందంటే మీరు ఇప్పటికే దగ్గరికి వచ్చేశారు. అక్కడే ఆగండి, వీలైతే నాలుగడుగులు వెనక్కి వేయండి. దూరప్రయాణం చేసి వచ్చిన పక్షికి ఒంట్లో సత్తువ తక్కువగా ఉండొచ్చు. లేపిన ప్రతిసారీ మేత పోతుంది. డ్రోన్ వద్దు. కారులో ఉంటే కారులోనే ఉండండి, మనిషిని చూసి బెదిరేంతగా కొంగలు బండిని చూసి బెదరవు. చచ్చిన పక్షులు కనబడితే ముట్టుకోవద్దు, బర్డ్ ఫ్లూ భయం ఉంటుంది. పశువైద్య సిబ్బందికి చెప్పండి.

9. ఎవరికి, ఎలా చెప్పాలి

ఈ-బర్డ్‌లో నమోదు చేస్తే, మీ ప్రాంతానికి అరుదైన జాతి అయినప్పుడు అది వివరాలు అడుగుతుంది. ‘స్పష్టంగా చూశాను’ అని రాస్తే సరిపోదు. ఏ గుర్తులు చూశారు, దగ్గరి పోలికున్న జాతి ఎందుకు కాదు అన్నది రాయండి. స్థానికంగా ఉండే స్వచ్ఛంద సమీక్షకులు దాన్ని పరిశీలిస్తారు. వాళ్లు ప్రశ్నిస్తే నొచ్చుకోవద్దు, మీ నమోదు రేపు ఇంకొకరికి ఆధారం కావాలంటే ఆ ప్రశ్నలు రావాల్సిందే. తేల్చలేకపోతే ‘తెల్లకొంగ, జాతి తెలియదు’ అని నమోదు చేయడానికీ వీలుంది, అది కూడా పనికొచ్చే నమోదే.

పక్షి గూడు కడుతున్నట్టు అనుమానం ఉంటే చోటు బయటపెట్టకండి, సమీక్షకులకు మాత్రమే చెప్పండి. మేస్తున్న అతిథి అయితే, మనుషులు నిలబడటానికి దారి పక్కన చోటుందా, రైతుకు అభ్యంతరం లేదా అన్నది చూసుకున్నాకే నలుగురికీ చెప్పండి.

మరుసటి రోజు మళ్లీ వెళ్లండి. మేత, నీళ్లు ఉన్నంతకాలం కొంగలు అదే మడిని పట్టుకుని ఉండొచ్చు. గడియారం ప్రకారం కాకుండా పోటు ప్రకారం, అంటే ముందురోజు కన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వెళ్లండి. అక్కడ లేకపోతే పక్క బోదెలు, పశువుల మందలు, సాయంత్రం అవి చేరే చెట్లు చూడండి. కనబడని రోజు కూడా తేదీ వేసి రాయండి. పక్షి ఎప్పుడొచ్చిందో మీకు తెలుసు, ఎప్పుడు వెళ్లిపోయిందో తెలిసేది ఆ రోజుల వల్లే.